పాత టేకు దూలంలో స్టీలు ప్లేటు: డిజైన్ నుంచి బిగింపు వరకు చేయించుకున్న ఒక సేవపై సమీక్ష

కోనసీమలో మా పెద్దలు కట్టిన ఇంట్లో హాలు మీద ఉన్న టేకు దూలాన్ని దింపించి, నిలువునా రెండు చెక్కలుగా కోయించి, ఆ రెండింటి మధ్య స్టీలు ప్లేటు పెట్టి బోల్టులతో బిగించి, తిరిగి దాని స్థానంలోనే ఎక్కించే పనిని రాజమహేంద్రవరంలోని ఒక చిన్న సంస్థకు అప్పగించాము. స్ట్రక్చరల్ డిజైన్, ఫ్యాబ్రికేషన్ రెండూ వాళ్లే చేస్తారు. ఇంజనీర్లు ఫ్లిచ్ బీమ్ అని పిలిచే ఈ పద్ధతి మన వైపు అరుదు కాబట్టి, ఎవరి చేత చేయించుకున్నా ఏమేమి పరిశీలించాలో తెలిసేలా, సంస్థ పేరు జోలికి పోకుండా పని నాణ్యత మీదనే ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్లేటు కొలత నిర్ణయించిన తీరు ఎంతో మెచ్చుకోదగినది. దూలం చివరలు గోడ మీద కూర్చునే చోట మొదటి డ్రాయింగు అసంపూర్ణంగా ఉంది. పని ముగిశాక చూడవలసిన బాధ్యతను ఒప్పందంలో చేర్చకపోవడం కూడా లోపమే.

ఇల్లు మద్రాసు టెర్రస్ పద్ధతిలో కట్టినది. దూలాల మీద వాసాలు, వాసాల మీద నిలువుగా పేర్చిన పలుచని ఇటుకలు, ఆ పైన సున్నం, ఇటుక ముక్కలు కలిపి దిమ్మిస కొట్టిన పొర ఉంటాయి. అందంగా, చల్లగా ఉండే పైకప్పే గానీ చాలా బరువైనది. మేడ మీద గది వాడకంలో ఉంది కనుక మనుషుల బరువు, సామాను బరువు కూడా కలుపుకుని చదరపు మీటరుకు 6 కిలోన్యూటన్లుగా (ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 100 కిలోల బరువు) ఇంజనీరు లెక్క వేశారు. ఒక్కో దూలం 2.4 మీటర్ల వెడల్పు గల భాగాన్ని మోస్తుంది. సొంత బరువుతో కలిపి దూలం మీద మీటరుకు 15 కిలోన్యూటన్లు, స్పాన్, అంటే ఆధారాల మధ్య దూరం, 4.5 మీటర్లు. దీన్నిబట్టి మధ్యలో బెండింగ్ మూమెంట్, అంటే దూలాన్ని వంచే ప్రభావం, 38 కిలోన్యూటన్ మీటర్లు.

మా దూలం వడ్రంగుల కొలతలో ఎనిమిది అంగుళాల వెడల్పు, పన్నెండు అంగుళాల లోతు, అనగా సుమారు 200, 300 మిల్లీమీటర్లు. ఈ లోడుకు ఒంటరి టేకులో వచ్చే ప్రతిబలం, అంటే వంగినప్పుడు కలప లోపల పుట్టే ఒత్తిడి, చదరపు మిల్లీమీటరుకు 12.7 న్యూటన్లు. ఇంజనీరు తీసుకున్న హద్దు 8.5. లెక్క ప్రకారం మధ్యలో కుంగుబాటు దాదాపు 18 మి.మీ. పెంకులు, సున్నపు పని వంటి పెళుసు పదార్థాలను మోసే దూలాలకు కలప నిర్మాణాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 883 స్పాన్‌లో 360వ వంతు వరకే ఒప్పుకుంటుంది. మా స్పాన్‌కు అది 12.5 మి.మీ. మాత్రమే. హాలు సీలింగులో ఏటేటా వెడల్పవుతూ వచ్చిన బీటలకు కారణం ఈ తేడాయేనని అర్థమైంది. దూలం పుచ్చిపోలేదు, చెద పట్టలేదు. దాని శక్తికి మించిన బరువు పడుతోంది, అంతే.

దూలాన్ని తీసివేసి ఐ.ఎస్.ఎం.బి. 250 రకం, అంటే 250 మి.మీ. లోతున్న ఐ ఆకారపు స్టీలు బీము పెట్టడం తేలికైన దారి. సమీక్షలో ఈ సంగతి దాచడం పాఠకులకు న్యాయం కాదు. మీటరుకు సుమారు 37 కిలోలు తూగే ఆ బీము ఒంటరిగానే మా కలయిక దూలం కంటే ఎక్కువ దృఢంగా ఉంటుంది, పైగా కూలి ఖర్చు తక్కువ. కాబట్టి బలం ఒక్కటే చూసుకునేవారు ఈ పద్ధతి జోలికి పోనవసరం లేదు. మేము ఇటు మొగ్గడానికి కారణాలు వేరు. బర్మా టేకుతో చేసిన ఆ దూలం మీద పాతకాలపు ఉలి పని ఉంది. వాసాలన్నీ దాని మీదికే చెక్కి కూర్చోబెట్టారు. పైగా చెక్కల మధ్య ఇమిడిన ప్లేటుకు అగ్నిప్రమాదంలో కొంత రక్షణ ఉంటుంది. కలప పైనుంచి బొగ్గుగా మారుతూ లోపలికి వేడిని ఆలస్యంగా పంపుతుంది. బయట తెరిచి ఉన్న స్టీలుకు ఆ అవకాశం లేదు. పలుచని ప్లేటు పక్కకు మెలిక తిరగకుండా కూడా చెక్కలే పట్టి ఉంచుతాయి.

ఇక అసలు విషయం, ప్లేటు మందం. కొటేషన్ల కోసం తిరిగినప్పుడు ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో "ఎనిమిది ఎం.ఎం. చాలండీ, దానికే దూలం రాయిలా నిలబడుతుంది" అన్నారు. మరొక చోట ఎంత మందమైతే అంత మేలని 20 మి.మీ. ప్లేటు రాసిచ్చారు. ఇద్దరూ అనుభవజ్ఞులే, అయినా ఆ అంకె ఎలా వచ్చిందో ఇద్దరూ చూపలేదు. మేము ఎంచుకున్న సంస్థ 12 మి.మీ. అని చెప్పి, ఎందుకో రెండు పేజీల్లో రాసి ఇచ్చింది. ఆ రెండు పేజీలే ఈ సేవలో అత్యుత్తమమైన భాగమని నా నమ్మకం.

లెక్కకు మూలసూత్రం కష్టమైనది కాదు. బోల్టులు గట్టిగా పట్టి ఉన్నంతవరకు చెక్కా ప్లేటూ ఒకే మేరకు వంగాలి. ఒకే మేరకు వంగే రెండింటిలో ఏది ఎక్కువ దృఢమైతే అది ఎక్కువ బరువును తన మీదికి లాక్కుంటుంది. దృఢత్వం అంటే యంగ్ గుణకాన్ని (పదార్థం ఎంత గట్టిదో చెప్పే అంకె) జడత్వ భ్రామకంతో (అడ్డుకోత ఆకారం, లోతు వంగడాన్ని ఎంత అడ్డుకుంటాయో చెప్పే కొలత) గుణించగా వచ్చేది. స్టీలు యంగ్ గుణకం చదరపు మిల్లీమీటరుకు 2,00,000 న్యూటన్లు, టేకుది సుమారు 10,000. అంటే స్టీలు ఇరవై రెట్లు గట్టిది. ఒకే ఎత్తులో ఉన్న రెండు బిందువుల దగ్గర చెక్కలో 1 న్యూటన్ ప్రతిబలం ఉంటే ప్లేటులో 20 ఉంటుంది. ఈ నిష్పత్తి ఒక్కటి గుర్తుంటే చాలా విషయాలు తేటపడతాయి. సాధారణ స్టీలుకు పని ప్రతిబలం హద్దు 165 అనుకుంటే, ప్లేటు ఆ హద్దును చేరేసరికి దాదాపు అంతే లోతున్న చెక్కలో ప్రతిబలం 8 దాటి కొంచెమే ఉంటుంది. ఇంకా బలమైన కలప తెచ్చిపెట్టినా ఆ అదనపు బలం వాడకంలోకి రాదు.

టేకు యంగ్ గుణకాన్ని పుస్తకంలోంచి ఎత్తి రాయకుండా కొలిచి చూడడం నాకు ఎంతో నచ్చింది. కోసిన చెక్కల్లో ఒకదాన్ని 4.5 మీటర్ల దూరంలో రెండు ఆధారాల మీద నిలువుగా పెట్టి, పక్కకు ఒరగకుండా ఆపు కట్టి, మధ్యలో వేలాడదీసిన పలక మీద పది సిమెంటు బస్తాలు పేర్చారు. డయల్ గేజి 4.4 మి.మీ. కుంగుబాటు చూపింది. దాని నుంచి లెక్కిస్తే యంగ్ గుణకం 9,900 వచ్చింది. పాత కలప విషయంలో ఈ పరీక్షకు అయ్యే ఖర్చు దాదాపు శూన్యం, ప్రయోజనం మాత్రం చాలా ఎక్కువ. ముడులు, పగుళ్లు, లోపలి బోలు దృఢత్వాన్ని ఎంత తగ్గించాయో ఆ ఒక్క అంకెలో చాలావరకు తెలుస్తుంది.

కోత, చిత్రిక పోగా రెండు చెక్కలు కలిపి 190 మి.మీ. వెడల్పు మిగిలింది. చెక్కల్లో ఒకదాన్ని తల కిందుగా కాక చివర చివరకు మార్చి అమర్చారు. ఒక చెక్కలో బలహీనమైన ముడి ఉన్న చోట రెండో చెక్కలో ముడి రాకుండా ఉండడం కోసం చేసే పాత పద్ధతి ఇది. ప్లేటు లోతును 300 కాక 280గా ఉంచారు. తడి ఆరి చెక్క కుంచించుకుపోతే ప్లేటు అంచు బయటికి పొడుచుకొచ్చి వాసాలు దాని మీద కూర్చునే ప్రమాదం ఉంటుంది. పైన పది, కింద పది మిల్లీమీటర్లు వదలడం అందుకే. అంతకంటే ఎక్కువ వదలకూడదు. జడత్వ భ్రామకం లోతు ఘనంతో పెరుగుతుంది కాబట్టి 280ని 240కి తగ్గిస్తే ప్లేటు దృఢత్వంలో 37 శాతం పోతుంది. అదే మందాన్ని పెంచితే అంతే నిష్పత్తిలో పెరుగుతుంది తప్ప అంతకు మించి లాభం లేదు. అందుకని ముందు లోతు వీలైనంత తీసుకుని, ఆ తర్వాతే మందం గురించి ఆలోచించాలి.

బజారులో దొరికే మందాలు 8, 10, 12, 16, 20. మొదటి రోజు లెక్క చూస్తే 8 మి.మీ. నిజంగానే సరిపోతుంది. చెక్కలో ప్రతిబలం 7.9, ప్లేటులో 148, కుంగుబాటు 11.1 మి.మీ. మూడూ హద్దుల్లోనే ఉన్నాయి. ఎనిమిది చాలన్న షాపువారి మాట ఆ మేరకు తప్పు కాదు. అయితే కలప నిరంతరం బరువు మోస్తూ ఉంటే ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతూ పోతుంది. క్రీప్ అనే ఈ లక్షణం మామూలు ఉష్ణోగ్రతల్లో స్టీలుకు లేదు. చెక్క సాగిన కొద్దీ తన వంతు బరువును ప్లేటుకు అప్పజెబుతుంది. మా దూలం మీది లోడులో అధిక భాగం సున్నం, ఇటుకల శాశ్వత బరువే కనుక ఈ ప్రభావాన్ని పక్కన పెట్టడం కుదరదు.

ఇంజనీరు దీన్ని నేరుగా ఎదుర్కొన్నారు. టేకు యంగ్ గుణకాన్ని సగానికి, అంటే 5,000కు తగ్గించి మొత్తం లెక్కను మళ్లీ చేశారు. అప్పుడు 8 మి.మీ. ప్లేటులో ప్రతిబలం 210కి చేరుతుంది, కుంగుబాటు 15.8 మి.మీ. అవుతుంది. పది మిల్లీమీటర్ల ప్లేటులో 183, కుంగుబాటు 13.8. రెండూ హద్దు దాటాయి. పన్నెండు మిల్లీమీటర్ల ప్లేటు దగ్గర ప్రతిబలం 163, కుంగుబాటు 12.3 వద్ద ఆగాయి. ప్లేటును ఎంచవలసింది ఎక్కించిన రోజు దూలాన్ని చూసి కాదు, చెక్క అలసిపోయాక ఉండబోయే దూలాన్ని చూసి అన్న ఈ ఒక్క నిర్ణయం కోసమే నేను ఈ సంస్థకు నిండు మనసుతో సిఫారసు ఇస్తాను. ఎన్నో దశాబ్దాలుగా ఆరిన టేకు అంతగా సాగదనీ, సగానికి తగ్గించడం అతి జాగ్రత్త అనీ ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదనలో కొంత నిజం ఉంది. కానీ ఎనిమిదికీ పన్నెండుకూ మధ్య మా ప్లేటు బరువులో తేడా 43 కిలోలు. మొత్తం బిల్లులో దాని వంతు స్వల్పం. దూలం దింపడం, ఆనుపులు పెట్టడం, కోయడం, మళ్లీ ఎక్కించడం ఏ మందానికైనా ఒక్కటే.

మరి 20 మి.మీ. ఎందుకు వద్దు? అలాంటి ప్లేటు మీటరుకు 44 కిలోలు తూగుతుంది. ఇంతకు ముందు చెప్పిన ఐ.ఎస్.ఎం.బి. 250 అంతకంటే తేలిక, పైగా అంతకంటే దృఢం. చెక్క ఉత్త అలంకారంగా మిగిలిపోయేటంత మందమైన ప్లేటు వేసేటట్లయితే ఈ పద్ధతికి అర్థమే లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. వాసాలు కూర్చునేది చెక్క మీద. ప్లేటు వంతు బరువంతా బోల్టుల గుండానే దానికి చేరాలి. ప్లేటు మందం పెరిగే కొద్దీ బోల్టుల మీద భారం పెరుగుతుంది.

మా దూలంలో మొదట చెక్కా ప్లేటూ దాదాపు సగం సగం పంచుకుంటాయి. కాలం గడిచాక ప్లేటు వంతు 67 శాతానికి పెరుగుతుంది. మీటరుకు 15 కిలోన్యూటన్లలో 10 కిలోన్యూటన్లకు పైగా బోల్టులు దాటించాలి. 16 మి.మీ. బోల్టులను 400 మి.మీ. దూరానికి ఒకటి చొప్పున, మధ్యరేఖకు ఒకటి పైన, ఒకటి కింద వచ్చేలా వేశారు. ఒక్కో బోల్టు మీద 4 కిలోన్యూటన్లు పడుతుంది. పైనా కిందా అంచుల దగ్గర రంధ్రాలు పెట్టలేదు. అక్కడ ప్రతిబలం గరిష్ఠంగా ఉంటుంది కనుక అది సరైన పని. రంధ్రాలను గ్యాస్‌తో కాల్చకుండా మాగ్నెటిక్ డ్రిల్లుతో వేశారు. తర్వాత ఆ ప్లేటునే అచ్చుగా పెట్టి చెక్కలకు రంధ్రాలు వేశారు. రంధ్రం వదులైతే ప్రతి బోల్టు కొంత జారాకే బరువు పట్టుకుంటుంది. ఆ జారుడంతా కుంగుబాటుగా కనబడుతుంది, రెండింటి కలయిక లెక్కలో తప్ప దూలంలో ఉండదు. ఈ శ్రద్ధకు పూర్తి మార్కులు ఇవ్వాలి. ప్లేటును షీటులోంచి కోసేటప్పుడు రెండు అంచులనూ ఒకేసారి కోయడం కూడా గమనించాను. ఒక అంచునే కోస్తే వేడికి పొడవైన ముక్క పక్కకు వంకర తిరుగుతుంది. జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు, గాల్వనైజ్డ్ బోల్టులు, చెక్క నలగకుండా పెద్ద చదరపు వాషర్లు వాడారు. మా తేమ వాతావరణానికి అవి అవసరమే.

లోపం కనిపించింది చివరల దగ్గర. మొదటి డ్రాయింగులో దూలం పొడవునా బోల్టులు ఒకే ఎడంతో ఉన్నాయి, ప్లేటు కింది అంచు చెక్క అడుగు కంటే 10 మి.మీ. పైన ఉంది. అలాంటప్పుడు ప్లేటు గోడను తాకదు. అది మోస్తున్న బరువంతా, ఒక్కో చివర దాదాపు 23 కిలోన్యూటన్లు, తిరిగి చివరి బోల్టుల ద్వారానే చెక్కలోకి దిగి, అక్కడి నుంచి గోడకు చేరాలి. నాలుగు కిలోన్యూటన్లకు లెక్కించిన ఒక బోల్టుకు అది సాధ్యం కాదు. ఫ్లిచ్ బీముల గురించి చదివి వెళ్లినందున ఈ ప్రశ్న అడగగలిగాను. అడగకపోతే ఆ డ్రాయింగుతోనే పని మొదలయ్యేది. అడిగిన వెంటనే వాదించకుండా ఒప్పుకుని సవరించారు. ప్లేటు చివరల అడుగున 10 మి.మీ. మందం గల సీటు ప్లేటును వెల్డింగ్ చేసి, చెక్కలకు ఆ మేరకు గాడి తీసి, చెక్కా స్టీలూ రెండూ దాని మీదనే కూర్చునేలా మార్చారు. చివర ఇంకొక బోల్టును కూడా చేర్చారు. సవరించిన డ్రాయింగు నిర్దుష్టంగా ఉంది. అయినా డబ్బు తీసుకుని ఇచ్చే డిజైనులో ఇది మొదటే ఉండవలసింది.

గోడ విషయంలో మాత్రం వాళ్లే ముందు జాగ్రత్త పడ్డారు. ఒక్కో చివర దిగే మొత్తం బరువు 34 కిలోన్యూటన్లు. 190 మి.మీ. వెడల్పు, 200 మి.మీ. పొడవు గల సీటు మీద అది చదరపు మిల్లీమీటరుకు 0.9 న్యూటన్ల ఒత్తిడి అవుతుంది. సున్నంతో కట్టిన పాత ఇటుక గోడకు అది ఎక్కువ. 600 మి.మీ. పొడవైన కాంక్రీటు బెడ్ బ్లాకు పోసి ఆ ఒత్తిడిని 0.3 లోపుకు దించారు. చెక్క చివరలను సిమెంటుతో మూసేయకుండా చుట్టూ గాలి ఆడేందుకు ఖాళీ వదిలారు. గోడలో ఇరుక్కున్న కొసలే ముందు పుచ్చిపోతాయని మా వడ్రంగి మేస్త్రిగారు చెప్పిన మాటకు ఇంజనీరు విలువ ఇవ్వడం నాకు సంతోషం కలిగించింది.

బిగించిన దూలం బరువు 310 కిలోలు దాటింది. చెయిన్ పుల్లీలతో ఎక్కించడం చక్కగా జరిగింది. వాసాల కింద పెట్టిన జాకీలను ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా లేపారు. పాత కుంగుబాటును పూర్తిగా సరిచేయాలని పట్టుబట్టలేదు. అలా చేస్తే మేడ మీది సున్నపు పొర పగిలేది. అయితే జాకీలు, ఆనుపుల ఖర్చు కొటేషనులో లేదు, తర్వాత విడిగా వేశారు. ఇలాంటి పనిలో ఆనుపులు లేకుండా ఏమీ జరగదు కాబట్టి మొదటే చూపించి ఉండవలసింది.

చెక్క తేమ మారినప్పుడు బోల్టులు వదులవుతాయి. ఒక ఎండాకాలం గడిచాక అన్నిటినీ మరోసారి బిగించాలని లెక్కల పేజీ చివర వాళ్లే రాశారు, కానీ ఒప్పందంలో ఆ సందర్శన లేదు. మేము గుర్తుచేసి పిలిపిస్తే వచ్చి బిగించారు, విడిగా రుసుము తీసుకున్నారు. నట్లు చాలా వరకు కొంత తిరిగాయంటే ఆ పని ఎంత అవసరమో తెలుస్తుంది. ఇదే సంస్థ గానీ మరొకటి గానీ, ఈ పని అప్పగించేవారు మూడు విషయాలను సంతకానికి ముందే కాగితం మీద పెట్టించుకోవాలి. చెక్క గుణకాన్ని సగానికి తగ్గించి చేసిన రెండో లెక్క, చివరల వివరం చూపే విడి డ్రాయింగు, ఏడాది తర్వాత బోల్టుల బిగింపు. మా హాలుకు అవతల వరండా మీద ఇలాంటి దూలమే ఇంకొకటి ఉంది. దాని పనిని ఈ మూడు షరతులతో వీళ్లకే అప్పగిస్తున్నాము.